తేనెపెట్టెల మీద నల్లగుడ్డ

"తొట్టి కడిగించేశారా?"

అమోస్ వీలాక్ ఈ ప్రశ్న వేయడం ఇది రెండోసారి. మొదటిసారి తన చెవులే మోసం చేశాయేమోనని చిన్న ఆశ ఉండింది.

"కడిగించాను," అన్నాడు రూఫస్ బెల్డింగ్. "మనిషి చచ్చిన నీళ్ళలో తోళ్ళు నానబెట్టమంటారా? తొట్టెడు తోళ్ళు పాడయ్యాయని తెలిస్తే స్క్వైర్ టాల్కాట్ గారు లేచి వచ్చి మమ్మల్ని తిట్టేవారు. మీకు ఆయన సంగతి తెలీదు."

ఆయన సంగతి తెలియకుండా ఉండే అవకాశం అమోస్‌కు ఎవరూ ఇవ్వలేదు. స్టేషను మాస్టరు చెప్పాడు. బండివాడు చెప్పాడు. సత్రం వాడు గిన్నెలో బీన్స్ వడ్డిస్తూ చెప్పాడు. ఎఫ్రయిమ్ టాల్కాట్ కుర్రతనంలో రేకు గిన్నెలు వీపున వేసుకుని ఈ వెర్మాంట్ కొండల్లో గడప గడపకీ తిరిగి అమ్మాడు. తర్వాత హార్లో ఫాల్స్‌లో తోళ్ళ కార్ఖానా పెట్టాడు. ఏటి మీద వంతెన వేయించాడు. చర్చికి గంట కొనిచ్చాడు. ఏటేటా మార్చి నెలలో ఊరిసభ చేతులెత్తితే ఇరవై ఏళ్ళుగా ఊరిపెద్దగా కూర్చుని స్క్వైర్ అనిపించుకున్నాడు. శాసనసభకి రెండుసార్లు వెళ్ళొచ్చాడు. ముగ్గురూ ఇదే చెప్పారు, ఇదే వరసలో, పాఠం అప్పజెప్పినట్టు. ఆయనంటే గిట్టనివాడు ఎవడని అడిగితే మాత్రం ముగ్గురూ ఆకాశం చూసి, సాయంత్రానికి మళ్ళీ మబ్బు పడుతుందేమో అన్నారు.

అంత పెద్దమనిషి ఈ పొద్దున్న తొమ్మిది గంటలవేళ తన సొంత కార్ఖానాలో మూడో తొట్టిలో, తోళ్ళు పదునుపెట్టే బెరడు నీళ్ళ మధ్య, ఎద్దుతోలు కింద దొరికాడు. తల వెనక పగిలి ఉంది. తంతి అందుకుని జిల్లా ప్రాసిక్యూటరు అమోస్‌ని పంపాడు. అతను రైలు దిగేసరికి మధ్యాహ్నమైంది. అప్పటికి తొట్టి ఖాళీ చేసి, తోమి, మళ్ళీ నింపారు. చుట్టూ ఉన్న పలకలు సబ్బుపెట్టి కడిగారు. శవానికి స్నానం చేయించి, ఆదివారం కోటు తొడిగి ముందు గదిలో పడుకోబెట్టారు. ఒక కెనడా ఫ్రెంచివాణ్ణి లాకప్పులో వేశారు. డిటెక్టివుకి మిగిల్చింది ఒక్క సంతకం. ఐదు గంటలకు ఖైదీని బండిలో జిల్లా జైలుకి తరలించే కాగితం మీద. అది పెడితే ఆ ఫ్రెంచివాడి మెడకి తాడు బిగిసినట్టే. ఈ జిల్లాలో జ్యూరీ కుర్చీల్లో కూర్చునేవాళ్ళలో సగంమంది టాల్కాట్ దగ్గర పనిచేసినవాళ్ళు, తక్కినవాళ్ళు ఆయన చుట్టాలు.

"పలకల మీద రక్తం?"

"ఉండింది. కడిగాం."

"బయట అడుగుజాడలు?"

"తెల్లారుజామున మొదలైన వాన పొద్దున పనికి పిలిచే కార్ఖానా గంట కొట్టేదాకా కురిసింది. జాడలన్నీ వానే మింగేసింది. దానికీ నన్నే అంటారా?" రూఫస్ నవ్వాడు. ముప్ఫై దాటినవాడు, ఎర్రని మెడ, పొడుగాటి చేతులు. ఊరి కానిస్టేబుల్ బిళ్ళ కోటుకి మెరుస్తోంది. మే నెల ఎండలో చేతులకి లేడితోలు గ్లౌజులు తొడుక్కుని ఉన్నాడు. "మీ జిల్లా డిటెక్టివులకి జీతం రోజుకిస్తారా, అనుమానానికిస్తారా?"

"ఆ గ్లౌజులేంటి?"

"పొద్దున స్క్వైర్ గారిని బయటికి లాగేప్పుడు సున్నం పడింది. కాలింది." ఆ చేతుల్ని తనే ఒకసారి చూసుకున్నాడు. "ఆయన పెంచిన చేతులే లెండి. కాలితే కాలాయి."

అమోస్ వంగి తొట్టిలోకి చూశాడు. గోధుమరంగు నీళ్ళు, మీద నురగ. చూడ్డానికి ఇంకేం లేదు. కుడి బూటు మడమలో మేకొకటి పైకి తేలి, రైలు దిగినప్పటినుంచి అడుగేసినప్పుడల్లా గుచ్చుతోంది. అంతర్యుద్ధం అయిపోయి తొమ్మిదేళ్ళయింది. అందులో ఎనిమిదేళ్ళు ఇదే ఉద్యోగం. ప్రతి ఊళ్ళోనూ తను వచ్చేసరికి ఎవరో ఒకరు చీపురు పట్టుకుని సిద్ధంగా ఉంటారు.

"మీ ఊళ్ళో కానిస్టేబుల్‌ని చేతులెత్తి ఎన్నుకుంటారు కదూ," అన్నాడు లేస్తూ. "మొదట లేచే చెయ్యి ఎవరిది?"

"స్క్వైర్ గారిది."

"మరి వచ్చే మార్చిలో?"

రూఫస్ నవ్వు సగంలో ఆగిపోయింది. "ముందు ఐదు గంటలు కానివ్వండి. మార్చి సంగతి తర్వాత చూద్దాం."

*

లాకప్పు అంటే కమ్మరికొట్టు వెనక రాతిగది. నిప్పులార్పే బండి పెట్టే చోటు ఖాళీ చేసి కటకటాలు బిగించారు. లోపల బాతిస్త్ లావీన్ బల్ల మీద కూర్చుని ఉన్నాడు. గడ్డం, మోచేతుల దాకా తోళ్ళ రంగు పట్టిన చేతులు, వాటికి బేడీలు.

"స్క్వైర్‌ని ఏదో ఒకరోజు ఆయన తోళ్ళతోపాటే నానబెడతానని కొట్లో అందరి ముందూ అన్నావట," అన్నాడు అమోస్.

"అన్నాను."

"ఎప్పుడు?"

"మీరు ఏ వారం గురించి అడుగుతున్నారు, మిస్యూ?"

అమోస్‌కు నవ్వు రావలసింది, చిరాకొచ్చింది. "నీకు ఎటకారంగా ఉందా?"

"లేదు. అక్కడ పనిచేసే ప్రతివాడూ ఆ మాట అంటాడు. వాళ్ళు గొణుక్కుంటారు, నేను గట్టిగా అంటాను. మా వాళ్ళ గొంతే అంత."

"తొట్టి పక్కన దొరికిన, రక్తం అంటిన కొక్కెం కర్ర నీదేనా?"

"నాదే. నా గుర్తు చెక్కి ఉంది. రోజూ గోడకి ఆనించి ఇంటికెళ్తాను. గోడకి తాళం వేయరు కదా."

"పొద్దున ఎన్నింటికొచ్చావు?"

"గంట కొట్టగానే. అప్పుడే వాన ఆగింది. అందరితోపాటే వచ్చాను, అందరితోపాటే కోటు తగిలించాను. స్క్వైర్ తెల్లవారకముందే వచ్చి తొట్లు చూసుకుని పోతారు, అది ఊరందరికీ తెలుసు. తొమ్మిదింటికి తోళ్ళు తిరగేస్తుంటే ఆయన చెయ్యి తేలింది. రూఫస్‌కి కబురు చేశాం. వచ్చాడు, లాగండి అన్నాడు, లాగాం. ఆ తర్వాత కర్ర చూశాడు, నా గుర్తు చూశాడు, నా మెడ పట్టుకున్నాడు."

"లాగింది ఎవరెవరు?"

"నేనూ, ఇంకో ఇద్దరూ."

"బెల్డింగ్ కూడానా?"

"ఆయన పలక మీద నిలబడి మెల్లిగా, మెల్లిగా అన్నాడు. బూటు కూడా తడవలేదు. స్క్వైర్ మొహం పైకి తిరగ్గానే అటు తిరిగిపోయాడు. పాపం, చిన్నప్పటినుంచీ ఆ ఇంట్లో పెరిగినవాడు."

అమోస్ తల ఊపాడు. ఆ మాట చెవిన పడింది గాని మనసుకెక్కలేదు. ఆ ఇద్దరినీ అడిగితే వాళ్ళూ మబ్బుల సంగతే చెప్తారనుకున్నాడు. బూట్లో మేకు మళ్ళీ గుచ్చింది.

బాతిస్త్ కటకటాల దగ్గరికొచ్చాడు. గొంతు తగ్గించాడు. "మిస్యూ, నన్ను రైల్లో పంపించండి."

"రైలు రేపటిదాకా లేదు. బండిలోనే."

"అయితే ఈ బేడీలు తీయొద్దని చెప్పండి."

"అదేంటి?"

"పోయినేడు మావాడొకణ్ణి రూఫస్ ఇలాగే తీసుకెళ్ళాడు, కోళ్ళ దొంగతనమని. కనుమ దగ్గర పారిపోబోయాడట. వీపులో కాల్చాల్సి వచ్చిందట." చేతులు పైకెత్తి గొలుసు ఆడించాడు. "బేడీలతో ఉన్నవాడు పారిపోయాడంటే మీ జడ్జీ నమ్మడు కదా. నాకు ఈ ఇనుమే చుట్టం. గట్టిగా వేయమనండి."

"వేస్తారు. నేను దగ్గరుండి చూస్తాను."

"ఒట్టు?"

"చూస్తానన్నాగా."

బయట కమ్మరి కొలిమి ఊదుతూ ఇదంతా విననట్టు నటిస్తున్నాడు. రూఫస్ గుమ్మానికి ఆనుకుని గ్లౌజు చేత్తో ఆపిల్ తింటున్నాడు.

"ఒప్పుకున్నాడా?"

"లేదు. స్క్వైర్ ఇంటికెళ్తున్నాను."

"అక్కడేముంది? ఆడవాళ్ళు, ఏడుపులు, కాఫీ." ఆపిల్ తొడిమ విసిరేశాడు. "హిటీ అత్తని కదపకండి. తమ్ముడు పోయిన మనిషి. ఏమైనా అడగాలంటే నన్నడగండి. ఆ ఇంటి గురించి ఆవిడకెంత తెలుసో నాకూ అంతే తెలుసు."

"అందుకే ఆవిణ్ణి అడుగుతాను," అన్నాడు అమోస్. అర్థమేమీ లేదు ఆ మాటకి, వాణ్ణి ఉడికించాలని అన్నాడంతే. కాని రూఫస్ గ్లౌజులు మణికట్టు దాకా లాక్కున్నాడు.

*

టాల్కాట్ ఇంట్లో అద్దాలకి దుప్పట్లు కప్పారు, గడియారం ఆపేశారు. ముందు గదిలో స్క్వైర్ పెదాలు బిగించి, ఎవరినో ఊరిసభలో కూర్చోమన్నట్టు పడుకుని ఉన్నాడు. చుట్టూ పదిమంది ఆడవాళ్ళు. అమోస్ ఒక్కొక్కరినీ అడిగాడు. స్క్వైర్ చాలా గొప్పవారు. పాపం. చర్చికి గంట ఆయనే కొన్నారు. పాపం. ఒకావిడ అతని చేతిలో కాఫీ పెట్టి, "మీరు వెతకడమెందుకు నాయనా, రూఫస్ పట్టేశాడుగా," అంది జాలిగా. గాయం చూస్తానంటే, కట్టు కట్టేశాం, ఇప్పుడు విప్పితే బాగుండదు అన్నారు.

కాఫీ కప్పు కిటికీలో పెట్టి అతను వెనక గుమ్మంలోంచి పెరట్లోకి వచ్చేశాడు. మెట్టు మీద కూర్చుని బూటు ఊడదీశాడు. మేజోడు మడమ దగ్గర రక్తంతో తడిసింది. రాయి తీసుకుని మేకుని కొట్టాడు. అది వంగలేదు. వేలు నలిగింది.  సంతకం పెట్టేసి సాయంత్రం బండిలోనే ఊరు చేరి, బూటు బాగు చేయించుకుని, ఈ ఊరి పేరు మర్చిపోవాలనిపించింది.

పెరటి చివర షెడ్డు గోడ పక్కన నాలుగు తేనెపెట్టెలున్నాయి. తెల్ల రంగు వేసినవి. ఒక్కోదానికీ నల్ల క్రేప్ గుడ్డ చుట్టి ఉంది.

అందులో వింతేం లేదు. ఇంటి యజమాని పోతే తేనెటీగలకు చెప్పాలి. ఇంటి తాళంచెవితో పెట్టె మీద మూడుసార్లు తట్టి, మీ యజమాని పోయాడని చెప్పి, నల్లగుడ్డ కట్టాలి. చెప్పకపోతే అవి అలిగి లేచిపోతాయి, లేకపోతే పెట్టెలోనే చస్తాయి. అమోస్ తండ్రి పోయినరోజు తల్లి ఏడుస్తున్నదల్లా కళ్ళు తుడుచుకుని లేచి, పెట్టెల దగ్గరికెళ్ళి చెప్పొచ్చి, మళ్ళీ కూర్చుని ఏడ్చింది. చర్చిలో పాస్టరు ఇలాంటివి తప్పంటాడు. ఆయనింట్లో ఎవరైనా పోతే ఆయన భార్యే ముందు వెళ్ళి చెప్తుంది.

అమోస్ ఒంటి బూటుతోనే నడిచాడు. చూడ్డానికి కాదు, వాటి రొద వింటే చిరాకు తగ్గుతుందని. దగ్గరికి వెళ్ళాక ఆగిపోయాడు.

మొదటి పెట్టెకి గుడ్డ కింద తెల్లరంగు మీద నల్లని చారలు జారి ఉన్నాయి. సిరా ఒలికినట్టు. తూర్పు వైపు మాత్రమే. రెండోదానికీ అంతే. షెడ్డు చూరు కింద ఉన్న నాలుగో పెట్టెకి చారల్లేవు.

అతను వేలు నాలుకతో తడిపి గుడ్డని రుద్దాడు. వేలు నల్లబడింది. కోటుకి తుడిస్తే పోలేదు. క్రేప్ సంగతే అంత. వానలో తడిసిందంటే రంగు కారుతుంది, ఒంటికి అంటితే వారం రోజులు వదలదు. క్రేప్ కట్టుకున్న కొత్త విధవల మెడలు చూసినవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. గుడ్డ ఇప్పుడు పొడిగా, అట్టలా బిగుసుకుని ఉంది. తడిసి ఎండిన గుడ్డ.

వాన తెల్లారుజామున మొదలై కార్ఖానా గంటతో ఆగిపోయింది. ఆ తర్వాత చుక్క పడలేదు. శవం దొరికింది తొమ్మిదింటికి.

 పొద్దుట్నుంచి ఊరంతా కడిగేసింది, తోమేసింది, కప్పేసింది. దీన్ని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. తేనెటీగలకి కట్టిన గుడ్డని ఎవరు ముట్టుకుంటారు? ఎఫ్రయిమ్ టాల్కాట్ చచ్చిపోయాడని ఊళ్ళో ఎవరికీ తెలియక ముందే, ఆ వానలో నిలబడి, ఎవరో ఈ ఈగలకి చెప్పారు.

"అక్కడ నిలబడకండి."

కంచె అవతల రూఫస్. ఎప్పుడొచ్చాడో తెలీదు.

"వాటి దారికి అడ్డంగా ఉన్నారు. ఆ పెట్టెవి ఎడమవైపునుంచి వస్తాయి, కోపం ఎక్కువ. ఇటు రండి."

అమోస్ రెండడుగులు పక్కకి జరిగాడు. చెవి పక్కనుంచి ఈగలు బాణాల్లా లోపలికి దూసుకెళ్ళాయి. నిజంగానే అడ్డంగా ఉన్నాడు.

"థాంక్స్," అన్నాడు.

"తేనె కావాలంటే హిటీ అత్తనడగండి. పెట్టెలో వేలు పెట్టడం దేనికి?" రూఫస్ కళ్ళు అమోస్ నల్లబడ్డ వేలి మీదే ఉన్నాయి. కాసేపు అక్కడే ఉన్నాయి. "సరే. నాకు పనుంది," అని వెళ్ళిపోయాడు.

అమోస్ అతన్ని వెళ్ళనిచ్చాడు. అప్పటికి అతని బుర్రలో తిరుగుతున్నది ఇంట్లోని ఆడవాళ్ళు. ఆ గుడ్డ కట్టింది వాళ్ళలో ఎవరో అనుకున్నాడు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఎన్నో మూర్ఖపు నిమిషాలు గడిపాడు గాని, దీనంత ఖరీదైనది లేదు.

*

మెహిటబెల్ టాల్కాట్‌ని ఊరంతా హిటీ అత్త అంటారు. వంటింట్లో ఒక్కతే కూర్చుని, రేపటి భోజనాలకి మొక్కజొన్న పిండి జల్లిస్తోంది. డెబ్భై దాటిన మనిషి, గుంజలా నిటారుగా ఉంది.

"అత్తా, ఒక్కటే అడుగుతాను. తేనెటీగలకి ఎవరు చెప్పారు?"

జల్లెడ ఆగింది. పొద్దుట్నుంచి ఎవరూ అడగని ప్రశ్న కాబోలు, మొదటిసారి ఆవిడ అతని మొహంలోకి చూసింది.

"నాకు తెలీదు నాయనా. పాస్టరు గారు కబురు తెచ్చాక నాకు ముందు అదే గుర్తొచ్చింది. మా మరదలు పోయినప్పటి క్రేప్ షెడ్డులో పెట్టెలో దాచాను. వెళ్తే పెట్టె ఖాళీగా ఉంది. వెనక్కి తిరిగి చూస్తే అప్పటికే కట్టేసి ఉంది. పోన్లే, ఎవరో మంచి పని చేశారనుకున్నాను."

"ఎవరని అడగలేదా?"

"ఇలాంటి రోజున పదిమంది ఇంట్లోకొస్తారు. ఎవరు ఏ పని చేశారని అడుగుతామా? అడిగితే వంక పెట్టినట్టుంటుంది."

"మీ ఇంట్లో మీరెవరైనా పొద్దున్నే..."

"నేనా?" ఆవిడ చెయ్యి చాచింది. "నన్ను ఒక్క ఈగ కుడితే మొహం గుమ్మడికాయంత అవుతుంది. ఇరవై ఏళ్ళుగా వాటి దగ్గరికి పోలేదు. పనిమనిషికి వాటిని చూస్తేనే వణుకు. అవి ఇద్దర్నే దగ్గరికి రానిస్తాయి. ఎఫ్రయిమ్‌నీ, రూఫస్‌నీ."

అమోస్ చేతిలోని బూటు రెండో చేతికి మార్చుకున్నాడు. 

"రూఫస్‌కి ఈగలెలా అలవాటు?"

"ఎలా అంటే ఏం చెప్పను. వాడి అమ్మానాన్నా జ్వరమొచ్చి పోతే ఊరి మీద పడ్డాడు. ఊరిసభలో వేలం వేశారు. తక్కువకి సాకుతానన్నవాడికి పిల్లాణ్ణి ఇస్తారుగా, ఎఫ్రయిమ్ పాడాడు. ఇంట్లో చోటు లేదని కాదు గాని, ఎఫ్రయిమ్ షెడ్డులోనే పడుకోమన్నాడు, ఈగల్ని చూసుకుంటూ. రాత్రిళ్ళు వాడు పెట్టెకి చెవి ఆనించి మాట్లాడుతుండేవాడు. మనుషులతో మాట్లాడ్డం ఎవరూ నేర్పలేదు, వాటితో నేర్చుకున్నాడు." ఆవిడ జల్లెడ మళ్ళీ ఆడించింది. "ఎఫ్రయిమ్ మంచివాడే. వాణ్ణి కానిస్టేబుల్‌ని చేసింది ఎవరు? కాకపోతే ఆ పరిహాసం ఒకటి మానలేదు. 'దూడకన్నా చవగ్గా దొరికాడు, దూడకన్నా ఎక్కువ తిన్నాడు' అని. ప్రతి ఊరిసభలోనూ చెప్తాడు. ఊరంతా నవ్వుతుంది."

"రూఫస్?"

"వాడూ నవ్వుతాడు." జల్లెడ ఆగిపోయింది. "నిన్న రాత్రి నవ్వలేదు."

"నిన్న రాత్రి ఏమైంది అత్తా?"

"పిల్లని ఇచ్చేవాళ్ళని ఎఫ్రయిమే భోజనానికి పిలిచాడు, రూఫస్ పెళ్ళి మాటలకి. ఆ పిల్లా వచ్చింది. ఆపిల్ సైడర్ రెండు గ్లాసులయ్యాక ఎఫ్రయిమ్ మళ్ళీ ఆ దూడ మాటే చెప్పాడు. వేలం ఎలా జరిగిందో లేచి నిలబడి చేసి చూపించాడు. పిల్ల తండ్రి గ్లాసు కింద పెట్టాడు. పుడింగు తినకుండానే లేచి వెళ్ళిపోయారు." హిటీ అత్త కళ్ళు పిండి గిన్నెలోనే ఉన్నాయి. "రూఫస్ వాళ్ళ వెనక వెళ్ళలేదు. బల్ల దగ్గరే కూర్చుని పుడింగు మొత్తం తిన్నాడు, మారు అడిగి మరీ. నాకెందుకో అది చూడబుద్ధి కాలేదు."

అమోస్ ఒక చేతిలో బూటు, రెండో చేతికి నల్లబడ్డ వేలుతో నిలబడిపోయాడు. మధ్యాహ్నం నుంచి చెవిన పడి మనసుకెక్కనివన్నీ ఇప్పుడొకటొకటిగా లోపలికొచ్చి కూర్చున్నాయి. మే నెలలో గ్లౌజులు. స్క్వైర్‌ని లాగేప్పుడు సున్నం పడిందన్నాడు. స్క్వైర్ ఉన్నది బెరడు నీళ్ళలో, సున్నం తొట్టిలో కాదు. పైగా వాడు లాగనే లేదు. పలక మీద నిలబడ్డాడు, బూటు తడవలేదు. తెల్లారుజామున తొట్లు చూసుకునే మనిషి తల వెనకనుంచి పగలగొట్టి, నీళ్ళలోకి తోసి, ఇంకొకడి కర్రకి రక్తం పూసి వచ్చాడు. అంతా తెలివిగానే చేశాడు. ఆ తర్వాత మాత్రం, ఆ చీకట్లో, ఆ వానలో, షెడ్డులోంచి గుడ్డ తీసి నాలుగు పెట్టెల దగ్గరా నిలబడి చెప్పుకున్నాడు. ఊరందరినీ మోసం చేయగలిగాడు గాని వాటికి చెప్పకుండా పోలేకపోయాడు.

"అత్తా, ఇంటి తాళంచెవి ఎక్కడుంటుంది?"

"షెడ్డు గుమ్మం పైన. బయటివాళ్ళకి తెలీదు." అప్పుడావిడ తలెత్తింది.  "ఎందుకడుగుతున్నావు నాయనా? ఈగలకి చెప్పడం కూడా తప్పేనా?"

అతను అప్పటికే గుమ్మం వైపు తిరిగాడు. బూటు తొడుక్కుని పరిగెత్తాడు. మేకు అడుగడుక్కీ లోపలికి దిగుతోంది. దిగనీ.

*

లాకప్పు తలుపు బార్లా తెరిచి ఉంది. బల్ల ఖాళీ.

కమ్మరి కొలిమి దగ్గరే ఉన్నాడు. "ఇప్పుడే వెళ్ళారు సార్. మీరు సంతకం పెట్టేశారనీ, పొద్దుండగా కనుమ దాటాలనీ అన్నాడు రూఫస్. అరగంటయి ఉంటుంది."

"నేను సంతకం పెట్టలేదు."

"అలాగా. నాకేం తెలుసు," అన్నాడు కమ్మరి. ఆ మాట సరిపోలేదనుకున్నాడేమో, "రూఫస్ మంచివాడు సార్. ఊళ్ళో వాళ్ళు అదీ ఇదీ అంటారు గాని. ఆ ఫ్రెంచోడి మణికట్లు ఒరుసుకుపోయాయని జాలిపడ్డాడు. దారి పొడుగునా బేడీలెందుకు, హాయిగా కూర్చోనీ అని తీసేశాడు. వాడే వద్దు వద్దని ఏడ్చాడు, పిచ్చోడు. విప్పుతుంటే ఏడ్చేవాణ్ణి నేనెక్కడా చూడలేదు."

బేడీలు దాగలి మీద పడి ఉన్నాయి. నోరు తెరిచి.

అమోస్ వాటిని చూస్తూ నిలబడ్డాడు. దగ్గరుండి చూస్తానన్నాడు. మాట ఇవ్వడానికి చిరాకుపడి, చూస్తానన్నాగా అన్నాడు.

"తాళం తీసేప్పుడు గ్లౌజులు తీశాడా?"

"తీశాడు. భలే నవ్వొచ్చింది సార్. నేను పుట్టిందగ్గర్నుంచి బొగ్గులో ఉన్నాను, నా వేళ్ళకన్నా వాడివే నల్లగా ఉన్నాయి. ఏంట్రా ఇది అంటే, అంటుకుంది, పోవట్లేదు అన్నాడు."

"తుపాకి?"

"ఎందుకుండదు? ఖైదీని తీసుకెళ్తూ తుపాకి లేకుండా వెళ్తారా?"

"నాకు గుర్రం కావాలి. ఇప్పుడే."

కమ్మరి గడ్డం గోక్కున్నాడు. "ఊరివి రెండే. ఒకటి బండికి కట్టాడు. రెండోదానికి నాడాలు మార్చమని చెప్పి వెళ్ళాడు. పాతవి ఊడబెరికాను, కొత్తవి ఇంకా కాల్చలేదు. ఐదింటికి రండి."

పెరట్లో బూడిదరంగు గుర్రం ఒకటి, ఒట్టి గిట్టలతో, గడ్డి నములుతోంది. ఐదు గంటలు. అన్నీ ఆలోచించే వెళ్ళాడు. ఆ నల్ల వేలు చూసిన క్షణంలోనే ఆలోచించుకున్నాడు.

"జీను వెయ్యి," అన్నాడు అమోస్.

"కనుమ అంతా రాళ్ళు సార్. నాడాల్లేకుండా మైలు దాటదు, కుంటుతుంది."

"నేనూ కుంటుతున్నాను. వెయ్యి."

కమ్మరి అతని మొహం చూసి జీను అందుకున్నాడు. జీను పట్టీ బిగించేలోపు అమోస్ దాగలి మీద బేడీలు తీసి కోటు జేబులో వేసుకున్నాడు. అవి ఎవరి చేతులకి వేయాలో మధ్యాహ్నం నుంచి తెలీలేదు, ఇప్పుడు తెలిసింది. ఆ చేతులు తుపాకి పట్టుకుని ఉన్నాయి. అరగంట ముందున్నాయి. వాటి పక్కన ఒకడు, ఈ లోకంలో తనకి మిగిలిన ఒక్క ఇనుప చుట్టాన్నీ ఇక్కడ వదిలేసి, కనుమ ఎప్పుడొస్తుందా అని చూస్తూ కూర్చుని ఉంటాడు.